మేస్త్రీ వద్దంటున్నాడు, తమ్ముడు కావాలంటున్నాడు: లైట్ వెయిట్ బ్లాకులతో ఇల్లు కట్టొచ్చా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం, సముద్రానికి దగ్గర ఊరు. 20 అంకణాల స్థలంలో రెండు బెడ్‌రూముల ఇల్లు కట్టుకోవాలని అనుకుంటున్నాం. దేవుడు చల్లగా చూస్తే తర్వాత పైన ఇంకో అంతస్తు వేయాలని ఆశ. చెన్నైలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఎర్ర ఇటుక వద్దు, లైట్ వెయిట్ బ్లాకులు వాడక్కా, పర్యావరణానికి కూడా మంచిది అంటున్నాడు. మా మేస్త్రీ మాత్రం "అది ఎట్ట నిలబడతాదమ్మా, మేకు కొడితే పొడి రాలతాది, వానకు నీళ్ళు పీలుస్తాది, ఏడాది తిరిగేసరికి గోడంతా నెర్రెలు ఇస్తాది" అంటున్నాడు. మా మామయ్యగారు ఇప్పటికే 4 వేల ఇటుక తోలించి ఇంటి పక్కన పేర్పించారు. మిగతా ఇటుక కూడా ఆ బట్టీ ఆయనే ఇస్తానంటున్నాడు. మా పొలంలో అరెకరం మట్టి తీసుకోనిస్తే ధర బాగా తగ్గిస్తాడట. సంక్రాంతి తర్వాత శంకుస్థాపన. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక సోదరి, నెల్లూరు జిల్లా

సమాధానం:

అమ్మా, మీరు చివర రాసిన సంగతికి ముందు జవాబు చెప్తాను. ఇల్లు దేనితో కట్టినా సరే, పొలం మట్టి మాత్రం బట్టీకి ఇవ్వకండి.

లెక్క వేసి చూడండి. కాలిన ఇటుక ఒక్కోటి దాదాపు 3 కిలోలు తూగుతుంది. దానికి పట్టే మట్టి అంతకన్నా కాస్త ఎక్కువే. అరెకరంలో ఒక్క అడుగు లోతు మట్టి తీసినా సుమారు రెండున్నర లక్షల ఇటుకలు కోయొచ్చు. మీ ఇల్లు 1000 చదరపు అడుగులు అనుకుంటే, దానికి మొత్తం పట్టేది 15 వేల ఇటుక. అందులో 4 వేలు మీ దగ్గర ఉండనే ఉన్నాయి. మిగిలిన 11 వేల ఇటుకల మీద వచ్చే తగ్గింపు కోసం రెండున్నర లక్షల ఇటుకల మట్టి ధారపోస్తున్నారు. పైగా జేసీబీ దిగిన తర్వాత ఒక్క అడుగుతో ఆపే బట్టీవాళ్ళు తక్కువ.

డబ్బు లెక్క కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది పొలం గతి. వరి మడిలో బలమంతా పైన ఉండే జానెడు మట్టిలోనే ఉంటుంది. ఎన్నో ఏళ్ళు ఎరువు తోలి, పచ్చిరొట్ట దున్ని, కాలవ నీళ్ళతో వచ్చిన ఒండ్రు పేరుకుని తయారైన మట్టి అది. దాని కింద దమ్ము చేసి చేసి గట్టిపడిన పొర ఒకటి ఉంటుంది. మడిలో నీళ్ళు నిలబెట్టేది ఆ పొరే. పై మట్టి తీసి, ఆ పొరను కూడా చెదరగొడితే కింద మిగిలేది సారం లేని నేల. అక్కడ మళ్ళీ ఎకరాకు మునుపటంత దిగుబడి చూడాలంటే ఏళ్ళు పడుతుంది. ఇంకో తిప్పలు కూడా ఉంది. పక్క మళ్ళ కన్నా మీ మడి పల్లమైపోతుంది. మన జిల్లాకు అసలు వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ వానలకు చుట్టుపక్కల నీళ్ళన్నీ మీ మడిలోకే దిగి నిలబడతాయి. మొలగొలుకులు పండిన డెల్టా నేల అలా గుంటలుగా మారడం నెల్లూరు చుట్టూ చాలాచోట్ల కళ్ళారా చూస్తున్నాం. ఇంకో మాట. ఇటుక మట్టి కూడా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజం కిందికే వస్తుంది. తవ్వాలంటే గనుల శాఖ అనుమతి ఉండాలి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే పట్టా మీ పేరు మీద ఉంటుంది, బట్టీ ఆయన పేరు మీద కాదు. మామయ్యగారికి ఈ లెక్క నెమ్మదిగా చెప్పండి. సేద్యం చేసిన మనిషికి మట్టి విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఇంటి సంగతి. మీ తమ్ముడి మాటే నా మాట కూడా. పునాది మీద వేసే కాంక్రీటు దూలం, అంటే ప్లింత్ బీమ్ పైనుంచి గోడలు లైట్ వెయిట్ బ్లాకులతో కట్టండి. కాకపోతే రెండు షరతులు. ఇల్లు పిల్లర్ల మీద నిలబడాలి. మీ మేస్త్రీ ఆ బ్లాకుల పని నేర్చుకోవడానికి ఒప్పుకోవాలి. ఈ రెండింట్లో ఏది కుదరకపోయినా బ్లాకుల జోలికి వెళ్ళకండి, వేరే దారి చివర చెప్తాను.

అసలు ఈ బ్లాకు ఏమిటో తెలిస్తే భయం సగం పోతుంది. ఇంజినీర్లు దీన్ని ఏఏసీ బ్లాకు అంటారు. ఇదేదో నిన్న మొన్న వచ్చిన సరుకు కాదు. స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అనే ఆర్కిటెక్ట్ 1920లలో ఈ పద్ధతి కనిపెట్టాడు, 1924లో పేటెంట్ తీసుకున్నాడు. మన దగ్గర ఇందులో ఎక్కువ పాలు థర్మల్ కేంద్రాల బూడిద. దానికి సున్నం, సిమెంటు, కాస్త జిప్సం కలిపి నీళ్ళతో జారుగా చేస్తారు. అందులో చాలా కొద్దిగా అల్యూమినియం పొడి వేస్తారు. సున్నంతో అది కలిసేసరికి హైడ్రోజన్ వాయువు పుట్టి, అచ్చులో ఉన్న ముద్దంతా ఇడ్లీ పిండిలా పొంగుతుంది. అది కొంచెం గట్టిపడ్డాక తీగలతో కొలత ప్రకారం కోసి, పెద్ద ఆవిరి గొట్టాల్లోకి పంపి, 180 నుంచి 190 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఒత్తిడి మీద ఉడికిస్తారు. ఆ ఉడకడంతోనే దానికి గట్టితనం వస్తుంది. హైడ్రోజన్ బయటికి పోయి, ఆ చిల్లుల్లో మామూలు గాలి మిగిలిపోతుంది.

నెల్లూరు వెళ్ళినప్పుడు ఒక బ్లాకు తెచ్చి మామయ్యగారి ముందు పెట్టండి. వడ్రంగి రంపంతో కోయించండి. చెక్కను కోసినట్టే కోతపడుతుంది. కోసిన ముఖాన్ని వెలుగులో పెట్టి చూస్తే ఆవగింజ కన్నా చిన్న చిల్లులు ఒత్తుగా, అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఒక ముక్కను నీళ్ళ తొట్టిలో వేయండి, తేలుతుంది. ఎర్ర ఇటుక ఘనపు మీటరుకు 1600 నుంచి 1900 కిలోలు తూగితే, ఇది ఎండినప్పుడు 550 నుంచి 650 కిలోలే. అయినా సరైన గ్రేడు బ్లాకు చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని మన ఐఎస్ 2185 ప్రమాణం మూడో భాగం చెప్తుంది. పిల్లర్ల మధ్య నిలబడే గోడకు అది ధారాళంగా సరిపోతుంది.

మీ ఇంటికి బరువు లెక్క కూడా వేశాను. బయటి గోడలు 9 అంగుళాలు, లోపలివి నాలుగున్నర అంగుళాలు పెట్టి ఎర్ర ఇటుకతో కడితే సిమెంటు మాలుతో కలిపి గోడల బరువే 55 నుంచి 60 టన్నులు. అదే ఇల్లు బయట 8 అంగుళాలు, లోపల 4 అంగుళాల బ్లాకులతో కడితే 20 టన్నులకు కాస్త అటూ ఇటూ. పైన ఇంకో అంతస్తు వేసేటప్పుడు ఈ తేడా రెట్టింపవుతుంది. మీ వైపు కొన్నిచోట్ల ఇసుక నేల, కొన్నిచోట్ల బంకమన్ను. అలాంటి చోట పునాది మీద బరువు తగ్గడం మంచిదే. భూకంపం వస్తే గోడ బరువును బట్టే దాని మీద ఊపు పడుతుంది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది, కాబట్టి మన వైపు అసలు రాదని అనుకోవడానికి లేదు. అయితే ఒకటి గమనించండి. బ్లాకులు వాడితే స్టీలు, కాంక్రీటు ఖర్చు బోలెడంత మిగిలిపోతుందని అమ్మేవాళ్ళు చెప్తారు. అది ఎత్తైన అపార్టుమెంట్ల లెక్క. రెండంతస్తుల ఇంటికి ఆ మిగులు కొంచెమే. మిగిలినా అది ఇంజినీరు డిజైన్‌లో తేలాలి గానీ, మేస్త్రీ తనంతట తాను కడ్డీలు తగ్గించకూడదు.

పర్యావరణం మాట కొస్తాను. మీ తమ్ముడు చెప్పింది నిజమే, దాన్ని కొంచెం విడమరచి చెప్పాలి. ఎర్ర ఇటుకను 900 నుంచి 1000 డిగ్రీల వేడిలో రోజుల తరబడి కాలుస్తారు. మన వైపు ఊక, సరుగుడు కట్టె, బొగ్గు, ఏది దొరికితే అది తగలబెడతారు. ఆ పొగ ఎటు పోతుందో బట్టీ పక్క ఊళ్ళవాళ్ళకు తెలుసు. గాలి నాణ్యత సరిగా లేని ఊళ్ళ కోసం కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. బ్లాకులో పొలం మట్టి లేదు, బట్టీ లేదు. అందులో ఎక్కువ భాగం బూడిద. ముత్తుకూరు పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. కృష్ణపట్నం చుట్టూ ప్రైవేటు కేంద్రాలు కూడా ఉన్నాయి. అక్కడ పుట్టే బూడిదను గోడల్లోకి తేకపోతే అది బూడిద చెరువుల్లోనే పేరుకుంటుంది. ఉత్పత్తయ్యే బూడిదనంతా వాడకంలోకి తేవాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబర్ 31న ఇచ్చిన నోటిఫికేషన్ కూడా చెప్తుంది.

అయినా బ్లాకు వల్ల ఏ హానీ లేదని చెప్పలేను. అందులో వేసే సిమెంటు, సున్నం తయారీలో బోలెడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆవిరి పుట్టించడానికి బాయిలర్ మండించాలి. ఎక్కడో దూరాన తయారై లారీల మీద వస్తే డీజిల్ ఖర్చు ఉంది. అందుకే డీలరును మొదట అడగాల్సింది ధర కాదు, సరుకు ఎక్కడి నుంచి వస్తోంది అని. రెండు కంపెనీల సరుకు ఒకే నాణ్యతతో ఉంటే దగ్గర్లో తయారైనది తీసుకోండి. ఇన్ని కలుపుకున్నా, పొలం మట్టిని కాల్చి కట్టే గోడ కన్నా ఈ గోడ మేలన్నదే నా అభిప్రాయం.

మీ ఊరికి సంబంధించి ఇంకో పెద్ద లాభం ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. అది నీళ్ళు. ఎర్ర ఇటుకను కట్టే ముందు నానబెట్టాలి, కట్టిన తర్వాత వారం పది రోజులు గోడ తడపాలి. సముద్రం పక్క ఊళ్ళలో బోరు వేస్తే చాలాచోట్ల పడేది ఉప్పు నీళ్ళే. ఆ నీళ్ళతోనే నానబెట్టి, కలిపి, తడిపితే రెండేళ్ళకే గోడల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. కింద మూరెడు ఎత్తు దాకా పెయింట్ పొరలు పొరలుగా ఊడుతుంది. ఎన్నిసార్లు రంగు వేసినా అదే వరస. బ్లాకులను రెడీమిక్స్ పొడితో అతికిస్తే నీళ్ళ అవసరం బాగా తగ్గిపోతుంది. ఆ పొడి కలపడానికి రోజుకు కొన్ని బిందెల మంచినీళ్ళు చాలు. గోడ తడిపే పనే ఉండదు. పెన్నా ఇసుక వాడకం కూడా చాలా తగ్గుతుంది, ఎందుకంటే బ్లాకుల మధ్య వేసే పొర 3 మిల్లీమీటర్లే. ఇంతకీ పిల్లర్లకు, స్లాబుకు మాత్రం నీళ్ళ విషయంలో రాజీ పడొద్దు. కడ్డీ ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెప్తుంది. పని మొదలుపెట్టే ముందు మీ బోరు నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించండి. దాటితే ట్యాంకరు తెప్పించుకోవడమే. గోడ పాడైతే బాగుచేసుకోవచ్చు, పిల్లర్లో కడ్డీ తుప్పు పడితే ఇల్లే దక్కదు.

ఇప్పుడు మీ మేస్త్రీ భయాలు. ఆయన్ను తప్పు పట్టను. ఆయన చెప్పిన మూడు మాటలూ ఎక్కడో చూసి చెప్పినవే. ఎర్ర ఇటుక పని వచ్చిన చేత్తో అదే పద్ధతిలో బ్లాకులు కడితే మూడూ జరుగుతాయి.

నెర్రెలు. ఎక్కువ భయపడాల్సింది దీనికే. బ్లాకు తడిస్తే కాస్త ఉబ్బుతుంది, ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచి తాజాగా వచ్చిన బ్లాకులో తేమ ఉంటుంది. దించిన వెంటనే గోడ పెట్టకుండా, నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, పక్కల గాలి ఆడేలా రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఇటుక లాగా తొట్టిలో నానబెట్టనే కూడదు. మన మేస్త్రీలకు చెయ్యి అలవాటుగా ముందు చేసే పని అదే, అందుకే మొదటి రోజు మీరు దగ్గరుండి చూసుకోండి. ధూళి పోయేలా తడి గుడ్డతోనో బ్రష్‌తోనో తుడిస్తే చాలు. రోజుకు నాలుగైదు అడుగుల ఎత్తుకు మించి లేపొద్దు. కిటికీ అడుగున, తలుపులు కిటికీల పైన వచ్చే లింటెల్ మట్టాన గోడంతా కలిసేలా సన్నని కాంక్రీటు బెల్టు వేయించాలి. ప్రతి రెండు మూడు వరసలకు ఒకసారి పిల్లర్లోంచి కడ్డీ ముక్కో, తుప్పు పట్టని పట్టీయో గోడలోకి రావాలి.

పైన బీము దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. చాలామంది చివరి వరసను బీము కిందికి బిగించి దూర్చేస్తారు. బీము కొంచెం వంగగానే ఆ బరువు గోడ మీద పడి అడ్డంగా పగులు వస్తుంది. అర అంగుళం ఖాళీ వదిలి, కొన్ని రోజుల తర్వాత మెత్తటి మాలుతోనో ఫోమ్‌తోనో నింపాలి. ప్లాస్టరింగ్‌కు తొందరపడొద్దు, గోడ రెండు మూడు వారాలు ఆరాలి. పిల్లరూ బ్లాకూ కలిసే ప్రతిచోటా, బీము కింద కూడా, రెండు వైపులా ఆరేసి అంగుళాలు వచ్చేలా మెష్, అంటే సన్నటి వల, కొట్టి ఆ పైన ప్లాస్టరింగ్ చేయాలి. సిమెంటు ఎక్కువేస్తే గట్టిగా ఉంటుందని మీరు గానీ మామయ్యగారు గానీ అనుకోవద్దు. ఈ గోడకు ఒక పాలు సిమెంటుకు ఆరు పాలు ఇసుక, మందం అర అంగుళం చాలు. బలమైన మాలు బిగుసుకునేటప్పుడు పైపొర గోడను లాగి సన్నటి పగుళ్ళు తెస్తుంది.

కరెంటు పైపుల పని ప్లాస్టరింగ్‌కు ముందే అయిపోవాలి. సుత్తీ ఉలీ పెట్టి గోడ కొట్టనివ్వద్దు, కట్టర్ మిషన్‌తో గాడి తీయించండి. 4 అంగుళాల గోడలో అడ్డంగా పొడుగ్గా గాడి తీస్తే గోడ బలం పోతుంది, పైపులు నిలువుగా దించమనండి.

మేకు. మామూలు మేకు నిజంగానే నిలవదు, మేస్త్రీ మాట నిజమే. దేవుడి పటాలకు, గోడ గడియారానికి ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి పొడవాటి స్క్రూ బిగిస్తే చాలు. గీజరు, ఏసీ బయటి యూనిట్, వంటింటి అల్మారాల్లాంటి బరువులకు బ్లాకుల కోసమే వచ్చే పొడుగు యాంకర్లు వాడాలి, లేదా గోడ అవతలికి బోల్టు వేసి ప్లేటుతో బిగించాలి. ఇవి ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే ఇంకా సుళువు. ఆ చోట్ల బ్లాకుకు బదులు ఎర్ర ఇటుకో, చిన్న కాంక్రీటు దిమ్మో పెట్టి కడతారు. ద్వారబంధాలను గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు, అదే హోల్డ్‌ఫాస్టులు కూడా కాంక్రీటు దిమ్మల్లోనే కూర్చోవాలి. మన ఇళ్ళలో కడప రాళ్ళతో అలమర అరలు, అటకలు పెట్టడం అలవాటు కదా, ఆ రాళ్ళను బ్లాకులోకి తొలిచి దూర్చకుండా రెండు పక్కలా సన్నని గోడ లేపి దాని మీద కూర్చోబెట్టండి. ఆడవాళ్ళే ఆ అరల మీద బియ్యం డబ్బాలు, ఇత్తడి సామాను సర్దేది. కాబట్టి వంటింటి ప్లాన్ మీరే కాగితం మీద గీసి మేస్త్రీకి ఇవ్వండి.

నీళ్ళు పీల్చడం. బ్లాకు నీళ్ళు పీలుస్తుంది, అందులో దాపరికం లేదు. ఎర్ర ఇటుక కూడా పీలుస్తుంది. తుపాను గాలికి వాన అడ్డంగా కొట్టే ఊరు మీది. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మీ మామయ్యగారికి గుర్తుండే ఉంటుంది. అందుకని బయటి గోడలకు ప్లాస్టరింగ్ రెండు పూతలుగా చేయించి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించండి. కిటికీల పైన సజ్జలు రెండడుగులైనా ముందుకు రావాలి, సజ్జ అంచు కింద నీటి గాడి ఉండాలి. ప్లింత్ బీము కింద, నేలలోపల బ్లాకు ఒక్కటి కూడా పెట్టకూడదు. ప్రహరీ గోడకు, మేడ మీద పిట్టగోడకు కూడా నేను బ్లాకులు చెప్పను. అవి రెండు వైపులా తడుస్తాయి, పైగా తేలిక గోడకు పట్టు లేకపోతే పెనుగాలికి పడిపోతుంది.

మామయ్యగారి 4 వేల ఇటుకలు ఇక్కడ అక్కరకొస్తాయి. రెండు బాత్‌రూముల గోడలకు రెండు వేల పైచిలుకు పడతాయి. మిగతావి సెప్టిక్ ట్యాంకుకు, మెట్లకు సరిపోతాయి. ఇంకేమైనా మిగిలితే పైన చెప్పిన దిమ్మలకు, ప్లింత్ మీద మొదటి వరసకు. ఒక్క ఇటుక కూడా వృథా పోదు, ఆయన మాటా నిలబడుతుంది. ఇటుక గోడ, బ్లాకు గోడ కలిసే మూలల్లో మెష్ మరిచిపోవద్దు.

కొనేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. లైట్ వెయిట్ అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి నేను చెప్పిన ఆవిరిలో ఉడికిన ఏఏసీ. రెండోది సీఎల్‌సీ, నురగ కలిపి అచ్చు పోసి మామూలుగా ఆరబెట్టింది. సీఎల్‌సీ మొత్తానికి చెడ్డదని కాదు, కానీ చిన్న యార్డుల్లో చేసే సరుకు ఒక్కో లోడు ఒక్కో రకంగా ఉంటుంది, ఆరేటప్పుడు ముడుచుకోవడం ఎక్కువ. మీరు తేలిగ్గా కనిపెట్టే దారి కాటా. 600 మిల్లీమీటర్ల పొడుగు, 200 ఎత్తు, 200 మందం ఉన్న బ్లాకు ఎండినది 14, 15 కిలోలు, తేమతో ఉన్నది 18 దాకా తూగొచ్చు. 20 కిలోలు దాటితే అది ఏఏసీ కాదని అనుమానించండి. నాలుగైదు బ్లాకులు తీసి టేపుతో కొలవండి. ఎత్తులో 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే సన్నపొర పని కుదరదు. లోడుతో పాటు పరీక్ష రిపోర్టు, దాని మీద ఐఎస్ 2185 మూడో భాగం గ్రేడ్ 1 అని ఉందో లేదో చూడండి.

ధర పోల్చేటప్పుడు బ్లాకు ఎంత, ఇటుక ఎంత అని పక్కపక్కన పెట్టకండి. ఆ సైజు బ్లాకు ఒకటి సుమారు 12 ఇటుకల చోటు నింపుతుంది. ఘనపు మీటరు గోడకు 500 ఇటుకలు, లేదా 42 బ్లాకులు. అటు ఇటుకతో పాటు సిమెంటు, ఇసుక, తడిపే నీళ్ళు, మందం ప్లాస్టరింగ్ కలపండి. ఇటు బ్లాకుతో పాటు అతికించే పొడి, మెష్, కాంక్రీటు బెల్టులు కలపండి. కూలీ రెండింటికీ వేరుగా రాయించుకోండి. అప్పుడే అసలు తేడా తెలుస్తుంది.

మేస్త్రీని ఒప్పించడానికి నాకు తోచిన మార్గం ఒకటే. ఎలాగూ సిమెంటు బస్తాలు దాచడానికి సైటు దగ్గర చిన్న కొట్టు కావాలి. దాన్ని బ్లాకులతో కట్టించండి. పళ్ళున్న తాపీతో పొడి ఎలా పరవాలో, రబ్బరు సుత్తితో ఎలా సర్దాలో, రంపంతో ఎలా కోయాలో అక్కడ చెయ్యి తిరుగుతుంది. చాలా కంపెనీలు అడిగితే మనిషిని పంపి చూపిస్తాయి, డీలరును గట్టిగా అడగండి. ఆ కొట్టు గోడలో ఆయన కుదురుగా పని చేస్తే ఇంటికి వెళ్ళండి. అప్పటికీ ఆయనకు మనసొప్పకపోతే బలవంతం చేయొద్దు. దగ్గర్లో తయారయ్యే ఫ్లైయాష్ ఇటుక వాడండి. అదీ బూడిదతోనే, బట్టీలో కాల్చకుండా చేస్తారు, పొలం మట్టి అక్కర్లేదు, ఎర్ర ఇటుక కట్టినట్టే కట్టొచ్చు. బరువు మాత్రం తగ్గదు, నానబెట్టడం తడపడం తప్పదు. ఆ సంగతి ఇంజినీరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే పునాది డిజైన్ గోడ బరువును బట్టే ఉంటుంది. శంకుస్థాపనకు ముందే ఏ గోడో తేల్చుకోమని చెప్పేది ఇందుకే.

చల్లదనం గురించి మీరు అడగలేదు గానీ తమ్ముడు చెప్పే ఉంటాడు. ఒకే మందానికి ఎర్ర ఇటుకలోంచి వచ్చే వేడిలో బ్లాకులోంచి వచ్చేది మూడో వంతు, నాలుగో వంతు మాత్రమే. అది నిజం. కానీ ఒక్క అంతస్తు ఇంట్లో రోహిణి కార్తె ఎండ ఎక్కువగా దిగేది స్లాబులోంచి. గోడల మీద ఎంత పెట్టినా పైకప్పును వదిలేస్తే రాత్రిళ్ళు మంచం మీద సెగ తప్పదు. పై అంతస్తు వేసేదాకా స్లాబు మీద ఏటా ఎండాకాలం ముందు తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించండి. పడమటి గోడకు మాత్రం 8 అంగుళాల బ్లాకు తగ్గించకండి.

సంక్రాంతికి మొదలుపెడితే పునాది, పిల్లర్లు, స్లాబు అయ్యేసరికి ఏప్రిల్ వస్తుంది. బ్లాకులను మార్చిలోనే దింపించుకుంటే గోడ పెట్టే వేళకు బాగా ఆరి ఉంటాయి. ప్లాస్టరింగ్ మే ఎండలో పడితే పొద్దున్నే, సాయంత్రాలే చేయించి, దాన్ని మాత్రం మంచినీళ్ళతో వారం రోజులు తడపండి. బయటి పెయింట్ సెప్టెంబర్ లోపల అయిపోవాలి.

బట్టీ ఆయనకు మట్టి సంగతి ఈ వారమే తేల్చి చెప్పేయండి. ఆయన జేసీబీ మాట్లాడుకున్న తర్వాత కాదనడం కష్టం.